చింతపండు బుట్టలో పుట్టింటి పుస్తె

ఊఁ కొడతానంటేనే చెప్తాను చిట్టీ. మధ్యలో ఊఁ ఆగిందా, నేనూ ఆపేస్తాను. తర్వాత పొద్దున్నే లేచి 'అమ్మమ్మా, ఏమైంది, ఏమైంది' అని నా కొంగు పట్టుకుని తిరిగితే ఊరుకోను. రేపు విమానం ఎక్కుతున్నానని సాయంత్రం నుంచి ఆ మెళ్ళో సంచి ఎన్నిసార్లు తడుముకున్నావో నేను చూడలేదనుకున్నావా? అందుకే ఇవాళ రాజుగారి కథ లేదు. నూకరత్నం కథ. కాళ్ళు ముడుచుకో, దుప్పటి కప్పుతాను.

అనగనగా సముద్రం పక్కన ఒక ఊరు. కళింగపట్నం రేవుకి రెండు కోసుల దూరం. ఆ ఊళ్ళో నూకరత్నం అని ఒకావిడ ఉండేది. ఆవిడ పని చింతపండు కొట్టడం. కొండల మీంచి బళ్ళ మీద చింతకాయ దిగేది. పెంకు ఒలవాలి, ఈనెలు లాగాలి, చిన్న సుత్తితో కొట్టి పిక్కలు తియ్యాలి, కాస్త ఉప్పు చల్లి ముద్దలు చెయ్యాలి. ముప్ఫై ఏళ్ళు అదే పని. ఆవిడ చేతి పట్టు ఎలాంటిదంటే, ఒకసారి పారిపోతున్న దూడ తోక పట్టుకుంటే దూడే ఆగిపోయింది. నవ్వకు, నిజం.

నూకరత్నానికి ఒక చెల్లెలు ఉండేది, గౌరమ్మ అని. పాపం, కూతురికి నాలుగేళ్ళు నిండకుండానే జ్వరం వచ్చి పోయింది. పోయేముందు చెవుల కమ్మలు రెండూ తీసి అక్క చేతిలో పెట్టింది.

"అప్పా, నా కూతురి పెళ్ళికి పుట్టింటి పుస్తె వీటితోనే చేయించు. నేనెలాగూ ఉండను. నా బంగారమైనా దాని మెళ్ళో ఉంటుంది" అంది.

పెళ్ళిలో పుస్తెలు రెండు కడతారు కదా చిట్టీ. ఒకటి అత్తింటివాళ్ళు తెస్తారు, ఇంకొకటి పుట్టింటివాళ్ళు చేయిస్తారు. రేపు మీ అమ్మ మెళ్ళో చూడు, రెండూ ఉంటాయి. సరే, నూకరత్నం ఆ కమ్మలు పసుపు గుడ్డలో కట్టి దాచింది. కరువొచ్చినా తియ్యలేదు, ఇల్లు కురిసినా తియ్యలేదు.

ఆ తర్వాత పిల్ల తండ్రి సింహాచలం పిల్లని తీసుకుని రంగం వెళ్ళిపోయాడు. రంగం అంటే బర్మా దేశంలో రంగూను. మనవాళ్ళు రంగం అనే అనేవాళ్ళు. అక్కడ బియ్యం మిల్లులో పని దొరికింది. పిల్ల పేరు పైడితల్లి. అక్కడే పెరిగింది, అక్కడే పెద్దదయింది.

పద్నాలుగేళ్ళు గడిచాక ఒక ఉత్తరం వచ్చింది. బడి పంతులుగారు చదివి వినిపించారు. 'వదినా, వైశాఖంలో మన పైడికి పెళ్ళి. పుస్తె నువ్వే తెచ్చి నీ చేత్తో ఇవ్వాలి. పెద్దమ్మ వస్తుందా, అమ్మ పుస్తె తెస్తుందా అని పిల్ల రోజూ అడుగుతోంది' అని రాశాడు సింహాచలం.

నూకరత్నం కళ్ళు తుడుచుకుని ఆ పూటే కంసాలి దగ్గరకి వెళ్ళింది. పక్కనే కూర్చుని, కళ్ళముందే కమ్మలు కరిగించి పుస్తె చేయించింది. చింతపిక్కంత పుస్తె. మళ్ళీ అదే పసుపు గుడ్డలో చుట్టి, చిన్న గుడ్డసంచిలో పెట్టి, తాడు కట్టి రొంటిన దోపుకుంది.

ఆవిడ మొగుడు కామయ్యకి అవి బళ్ళు దిగే రోజులు. ఊరు వదలడానికి లేదు.

"ఒక్కర్తివీ ఓడెక్కి అంత దూరం పోగలవేటే? రేవులో దొంగలుంటారంట" అన్నాడు.

"ఉండనీ. నా రొంటిలో చెయ్యి పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు. నువ్వు బళ్ళు చూసుకో" అంది నూకరత్నం. అని, పెళ్ళివంటకి పనికొస్తాయని ఇరవై చింతపండు ముద్దలు బుట్టలో పేర్చుకుంది. పెళ్ళికూతురికి కొన్న చీర మూట కట్టుకుంది. బుట్ట నెత్తి మీద, మూట చంకలో. బయల్దేరింది.

ఊఁ అన్నావా? ఆఁ, వినపడింది.

ఆ రోజుల్లో ఓడ ఒడ్డు దాకా వచ్చేది కాదు. దూరంగా సముద్రంలో నిలబడేది. జనం పడవల మీద దాని దగ్గరకి పోయి ఎక్కాలి. రేవు నిండా జనం, తోపులాట, అరుపులు. అప్పుడు ఒకాయన ఒక దుంగ మీదకెక్కి నిలబడ్డాడు. తెల్లటి పంచె, భుజాన జరీ కండువా, నుదుట ఇంత బొట్టు.

"అయ్యా! అమ్మా! ఇక్కడ దొంగలు తిరుగుతున్నారు! ఎవరి సొమ్ము వాళ్ళు చూసుకోండి బాబూ!" అని గొంతు చించుకుని అరిచాడు.

అంతే, అందరి చేతులూ కదిలాయి. ఒకాయన జేబు తడుముకున్నాడు. ఒకావిడ గుండెల మీద చెయ్యేసుకుంది. ఇంకొకాయన తలపాగా సర్దుకున్నాడు. మన నూకరత్నం రొంటి తడుముకుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. తడుముకుని, 'ఎంత మంచోడో, ఊరకే పదిమందికీ చెప్తున్నాడు' అనుకుంది.

ఆ మంచోడు వచ్చి సరిగ్గా ఆవిడ పక్కనే పడవలో కూర్చున్నాడు. 'బుట్ట బరువేమో అప్పా, ఇలా పెట్టు' అన్నాడు. అప్పుడు ఒక కెరటం వచ్చి పడవని ఎత్తి కుదేసింది. జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. బట్టలన్నీ తడిసి ముద్దయ్యాయి. 'భద్రం అప్పా, భద్రం' అంటూ ఆయన నూకరత్నం భుజం పట్టుకుని లేపాడు. 'చల్లగా ఉండు నాయనా' అని ఆవిడ దీవించింది కూడా.

ఓడ ఎక్కి, డెక్కు మీద చాప పరుచుకుని, ఊపిరి పీల్చుకుని రొంటి మీద చెయ్యేస్తే ఏముంది? తాడు వేలాడుతోంది! అరిగి తెగింది కాదు. నున్నగా, కత్తితో కోసినట్టుంది. వేళ్ళు లోపలికి పెట్టి వెతికింది. సంచి ఉంది. చీర తడిసిపోయి కుచ్చిళ్ళు ఒంటికి అంటుకుపోవడంతో సంచి దొంగ చేతికి ఊడి రాలేదు. లేకపోతే ఆ క్షణానే పోయేది.

ఆవిడ చాప పక్కనే ఒక ముసలావిడ కూర్చునుంది. పేరు కొండమ్మ. రంగంలో మన ఆడవాళ్ళకి గాజులమ్ముకుంటుంది, అప్పటికే ఐదుసార్లు ఓడెక్కిన మనిషి. తెగిన తాడు చూసి పళ్ళు లేని నోటితో నవ్వింది.

"నీ దగ్గర బంగారం ఎక్కడుందో దొంగకి ఎవరు చెప్పారో తెలుసునా?" అని అడిగింది.

"ఎవరే ఆ పాపిష్టి మనిషి?"

"నువ్వే. దొంగలున్నారని వాడు అరవగానే నీ చెయ్యి ఎక్కడికి పోయింది? ఇప్పుడు ఎక్కడుంది?"

నూకరత్నం తల దించి చూసుకుంది. చెయ్యి రొంటి మీదే ఉంది. దొంగ అన్న మాట వినపడితే చాలు, దానంతట అదే అక్కడికి పోతోంది! సిగ్గుతో చెయ్యి లాగేసుకుంది.

"అయితే ఆ అరిచినోడే..."

"వాడే. వాడు అరుస్తాడు, మీరందరూ చూపిస్తారు. వాడికి వెతుక్కునే పని కూడా లేదు" అంది కొండమ్మ.

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. పెట్టిన దీవెన వెనక్కి తీసుకోడానికి లేదు కదా, అదింకా మంట. వాడు ఆ చివర్న కూర్చుని, ఎవరో పిల్లాణ్ణి ఆడిస్తూ పెద్దమనిషిలా నవ్వుతున్నాడు. తెగిన తాడు చూపించి దొంగంటే ఎవరు నమ్ముతారు?

"పోనీ ఆ పుస్తె నీ మెళ్ళో తాడుకి ఎక్కించుకో. మెడ మీద చెయ్యెయ్యడు" అంది కొండమ్మ.

"ఛీ ఛీ! ఇంకా కట్టని పుస్తె, పిల్లదాని పుస్తె, నేను మెళ్ళో వేసుకోడమేటి! అంతకంటే తప్పుందా?" అంది నూకరత్నం. అని కాసేపు సముద్రం వైపు చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత బుట్ట దగ్గరకి లాక్కుంది.

ఒక ముద్ద తీసి ఒళ్ళో పెట్టుకుని పిసకడం మొదలెట్టింది. చింతపండు పిసికే ఆడదాన్ని ఎవరు చూస్తారు? డెక్కు మీద ఒక్కరూ తల తిప్పలేదు. పిసుకుతుంటే వేలికి ఒక పిక్క తగిలింది. వేరే రోజైతే 'నా ముద్దలో పిక్కా!' అని సిగ్గుతో చచ్చిపోయేది. ఆ రోజు మాత్రం ఆ పిక్క ఆవిడకి ముద్దొచ్చింది. కొంగు చాటున పసుపు గుడ్డ విప్పి, పుస్తె తీసి ముద్దలోకి తోసేసింది, పిక్కని పసుపు గుడ్డలో కట్టేసింది. ముద్ద గుండ్రంగా చేసి బుట్టలో అడుక్కి పెట్టింది. పిక్క ఉన్న సంచి రొంటిన దోపుకుంది.

పక్కనే కూర్చున్న కొండమ్మకి కూడా చెప్పలేదు. ఎవ్వరికీ చెప్పను, గాలికి కూడా చెప్పను అని ఒట్టు పెట్టుకుంది. ఇది గుర్తుంచుకో చిట్టీ. ఆవిడ ఎవ్వరికీ చెప్పలేదు.

ఇక అప్పటి నుంచి చూడాలి ఆవిడ వేషాలు! నీళ్ళు తాగితే రొంటి తడుముకుంటుంది. తుమ్మితే తడుముకుంటుంది. పడుకోబోతూ తడుముకుంటుంది. దొంగ కళ్ళు అక్కడే అతుక్కుపోయాయి.

మూడో రోజు మధ్యాహ్నం అందరూ గంజి తాగుతున్నారు. అప్పుడు వాడు రేకు పళ్ళెం నిండా గంజి పట్టుకుని, ఓడ ఊగినట్టు తనూ ఊగుతూ వచ్చి, పళ్ళెం మొత్తం నూకరత్నం చీర మీద ఒంపేశాడు.

"అయ్యయ్యో అప్పా! నా కళ్ళు పోనూ! ఉండు, తుడుస్తాను ఉండు" అంటూ కండువా తీసి నడుం దగ్గర తుడవడం మొదలెట్టాడు.

కొండమ్మ కళ్ళతో సైగ చేసింది. నూకరత్నం చూడనట్టు ఊరుకుంది. మెడ ఎత్తి, సముద్రంలో చేపలు లెక్కపెడుతున్నట్టు నిలబడింది. వాడు తుడిచాడు, దండం పెట్టాడు, గబగబా నడిచి మెట్ల చాటుకి పోయాడు. సంచి విప్పాడు, పసుపు గుడ్డ విప్పాడు. లోపల పిక్క!

"ఏం బాబూ!" అని ఓడంతా వినపడేలా కేకేసింది నూకరత్నం. "పిక్కలాట ఆడుకోడానికా? ఒక్కటేం సరిపోతుంది? ఇంకో నాలుగు ఇమ్మంటావేటి?"

జనం తిరిగి చూశారు. చేతిలో సంచితో వాడు నిలబడి ఉన్నాడు. కొండమ్మ లేచి, రేవులో అరుపు నుంచి గంజి దాకా వాడి కథంతా విప్పి చెప్పింది. డెక్కంతా ఒకటే నవ్వు. వాడూ పళ్ళు ఇకిలించి, 'దారిలో దొరికింది, ఎవరిదో అనుకున్నాను' అంటూ పక్కకి పోయాడు. ఆ రోజు నుంచి ఓడలో ఒక్కరూ ఒంటి మీద చెయ్యి వేసుకోలేదు. పాపం, వాడికి పని లేకుండా పోయింది.

కానీ అలాంటివాడు అంత అవమానం జరిగాక ఊరుకుంటాడా? పిక్క రొంటిలో ఉందంటే అసలుది ఇంకెక్కడో ఉంది. ఎక్కడుంటుంది? చంకలోంచి కింద పెట్టని ఆ చీర మూటలో ఉంటుంది. అలా అనుకుని కాచుకుని కూర్చున్నాడు.

మధ్యలో గాలివాన వచ్చింది. ఓడ ఒక రోజు వెనకబడింది. దాంతో పెళ్ళి రోజు పొద్దునే రంగం చేరింది. ముహూర్తం మిట్టమధ్యాహ్నం. నూకరత్నం కాళ్ళకింద నిప్పులున్నట్టు ఓడ దిగింది. బుట్ట నెత్తి మీద, మూట చంకలో. ఒక చెయ్యి బుట్ట మీద ఉంది. కొండమ్మ గాజుల పెట్టెతో తన దారిన తను పోయింది. కనుచూపు మేర జనమే. భాష తెలీదు, దారి తెలీదు. అయినా ఆవిడకి భయమా? లేదు. తోసుకుంటూ పోతోంది.

అప్పుడు ఆ దొంగ పక్కనుంచి వచ్చి కాలు అడ్డం పెట్టాడు. ఆవిడ తూలుతుంది, రెండు చేతులతో బుట్ట పట్టుకుంటుంది, మూట జారుతుంది, లాక్కుని పారిపోవచ్చు అని వాడి ఎత్తు. ఆవిడ తూలింది. ఆవిడ కాలు వాడి కాలికి తగిలింది.

ఇప్పుడు చెప్పు చిట్టీ, కాలు ఎవరికైనా తగిలితే మనం ఏం చేస్తాం? ఆఁ, అదీ! వాళ్ళని చేత్తో తాకి కళ్ళకద్దుకుంటాం. నూకరత్నం కూడా అదే చేసింది. పడబోతున్నానా, బుట్ట పోతుందా అని చూసుకోలేదు. 'అయ్యో, కాలు తగిలింది' అని ఖాళీగా ఉన్న చెయ్యి చాపింది. ఆ చేతికి ఒక మణికట్టు తగిలింది. కళ్ళకద్దుకుందామని చూస్తే, ఆ మణికట్టుకి ముందున్న వేళ్ళు ఆవిడ మూటలో ఉన్నాయి!

ఇక వదులుతుందా? ముప్ఫై ఏళ్ళు చింతపండు పిసికిన చెయ్యి!

"అమ్మో! వదులప్పా, వదులు! ఎముక విరిగిపోతోంది!" అని వాడు నేల మీద కూర్చుండిపోయాడు.

"మళ్ళీ అప్పా అన్నావంటే నిజంగానే విరుగుతుంది. పోలీసుని పిలవనా?"

"వద్దు తల్లీ, నీకు పుణ్యముంటుంది!"

నూకరత్నం ఎండ చూసింది. పోలీసులు, పంచాయితీ అంటూ కూర్చుంటే ముహూర్తం దాటిపోతుంది. వాణ్ణి వదిలేస్తే మళ్ళీ వెనకే వస్తాడు. ఒక్క క్షణం ఆలోచించింది.

"అయితే లే. బుట్టెత్తు" అంది.

వాడి కండువాతోనే వాడి నడుం కట్టి, కొస తన చేతికి చుట్టుకుంది. చింతపండు బుట్ట వాడి నెత్తి మీద పెట్టింది. ఉత్తరంలో ఉన్న చిరునామా పదిమందికి చూపించుకుంటూ, వాణ్ణి ముందు నడిపించుకుంటూ రంగం వీధుల్లో బయల్దేరింది. జనం ఆగి మరీ చూశారు. ఇదేదో పెళ్ళివేడుక కాబోలనుకున్నారు. మూడుసార్లు ఏ పుస్తె కోసం పాట్లు పడ్డాడో దాన్ని నెత్తిన పెట్టుకుని మోస్తున్నాడని వాడికి తెలీదు. ఆవిడకి తెలుసు. దారి పొడుగునా ముసిముసిగా నవ్వుకుంటూనే ఉంది.

మిల్లు పక్కన వరసగా ఇళ్ళు. ఒక ఇంటి ముందు పందిరి. పసుపు పూసిన మొహంతో ఒక పిల్ల గుమ్మంలోకి పరిగెత్తుకొచ్చి ఆగిపోయింది. అచ్చం గౌరమ్మ నిలబడ్డట్టే ఉంది.

"పెద్దమ్మవేనా?"

"ఇంకెవరే! నా తల్లే, నా బంగారమే, ఎంతయ్యావే!" అని నూకరత్నం ఆ పిల్లని కరుచుకుపోయింది. ఇద్దరూ ఏడ్చారు, ఇద్దరూ నవ్వారు. సింహాచలం కళ్ళు తుడుచుకుంటూ, కండువాతో కట్టేసిన మనిషి వైపు వింతగా చూశాడు.

"వీడు దొంగ మరిదీ. బుట్ట మోసి అలిసిపోయాడు. ఆ పందిరి గుంజకి కట్టెయ్. ఇంత అన్నం పెట్టాక మిగతా సంగతి చూద్దాం" అంది నూకరత్నం.

"పుస్తె తెచ్చావా పెద్దమ్మా? చూపించవా?" అంది పైడితల్లి.

"తేకుండా వస్తానా? సముద్రపు మట్టితో ముట్టుకోకూడదు. నాలుగు చెంబులు పోసుకుని వస్తా."

"ఎక్కడుంది?"

"ఎవరికీ అంతుపట్టని చోట ఉంది. నువ్వు పీటల మీదకి పద" అని కన్ను గీటి నూతి దగ్గరకి వెళ్ళింది. అప్పుడు చెప్పి ఉంటే ఎంత బావుండేది! చెప్పలేదు. గొప్పగా అందరి ముందూ తీసి చూపించాలని ఆవిడ ముచ్చట.

స్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని, నవ్వుకుంటూ వంట దగ్గరకి వచ్చింది. బుట్ట బోర్లించి ఉంది.

"ముద్దలేవీ?" అంది.

"ఆహా, ఎంత మంచి పండమ్మా! మన ఊరి చింతపండు చూసి ఎన్నేళ్ళయిందో. పులుసుకని మొత్తం వేణ్ణీళ్ళలో నానేశాం. సగం పిసకడం కూడా అయిపోయింది" అన్నారు వంట చేస్తున్న ఆడవాళ్ళు మురిసిపోతూ.

నూకరత్నం నిలబడ్డచోటే కూలబడిపోయింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆవిడకి భయమేసింది.

"అందులో పుస్తె ఉందే... గౌరమ్మ పుస్తె ఉందే అందులో! నా బుద్ధి గడ్డి తింది. దొంగకి దొరక్కుండా దాచాను, మనవాళ్ళకి కూడా తెలీకుండా దాచాను" అని గుండెలు బాదుకుంది.

ఇల్లంతా గగ్గోలు. గుంజకి కట్టేసి ఉన్న దొంగకి సంగతి అర్థమైంది. "చింతపండులోనా? నేను మోసిన బుట్టలోనా?" అని గుంజకేసి తల కొట్టుకున్నాడు. "అమ్మా, కట్లు విప్పండి, నేనూ వెతుకుతాను" అన్నాడు.

"నోర్మూసుకుని కూర్చో! నీ చెయ్యొక్కటే తక్కువైంది ఇందులో!" అని ఆ ఏడుపులోనే గసిరింది నూకరత్నం.

మొదట పెరట్లో పారేసిన పిప్పి అంతా వెతికారు. లేదు. ఆ తర్వాత పొయ్యి మీదున్న పులుసు గిన్నెలన్నీ దించి గరిటెలతో దేవారు. లేదు. గంగాళంలో ఇంకా పిసకని ముద్దలు కొన్ని అడుగున ఉన్నాయి. అప్పుడు పందిట్లోంచి పురోహితుడు కేకేశాడు.

"ముహూర్తం దాటిపోతోంది! పుట్టింటి పుస్తెకి బదులు పసుపు కొమ్ము కట్టిద్దాం, దోషం లేదు. పిల్లని రమ్మనండి!"

ఇంట్లో గౌరీపూజ చేస్తున్న పిల్ల పీటల మీంచి లేచింది. లేచి పందిట్లోకి కాదు, వంట దగ్గరకి వచ్చింది. పట్టుచీర మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుకుని గంగాళం ముందు కూర్చుంది.

"పసుపు కొమ్ము వద్దు పంతులుగారూ. నాకు మా అమ్మ మొహం గుర్తు లేదు. మాట గుర్తు లేదు. నాకున్నది అదొక్కటే" అని, గాజులు వెనక్కి తోసుకుని రెండు చేతులూ మోచేతుల దాకా ముంచింది.

నూకరత్నం కూడా ఎదురుగా కూర్చుని చేతులు ముంచింది. పెళ్ళికొడుకు తరపువాళ్ళు కూడా వచ్చి చుట్టూ నిలబడ్డారు. పిసకడం, పిప్పి తీసి పక్కన పెట్టడం, మళ్ళీ పిసకడం. ఒక ముద్ద అయింది. రెండో ముద్ద అయింది. మూడో ముద్ద పిసుకుతూ పిసుకుతూ పైడితల్లి ఆగిపోయింది.

గుప్పిట పైకి తీసింది. మెల్లగా విప్పింది. అరచేతి నిండా నల్లటి గుజ్జు. బొటనవేలితో ఆ గుజ్జు పక్కకి తోసింది. కింద పసుపుపచ్చగా తళుక్కుమంది.

"పెద్దమ్మా, అమ్మ దొరికింది" అంది.

అంతమందిలో ఒక్కళ్ళ కళ్ళూ పొడిగా లేవు. ఆ గుంజకి కట్టేసినవాడు కూడా మొహం పక్కకి తిప్పుకున్నాడంటారు. నూకరత్నం ఆ చింతపండు చేతులతోనే పిల్ల మొహం పట్టుకుని ముద్దులు పెట్టేసింది. పెళ్ళికూతురి బుగ్గల నిండా గుజ్జే.

ఆ తర్వాత కడిగి, తుడిచి, పసుపుతాడుకి రెండు పుస్తెలూ ఎక్కించారు. ముహూర్తం ఇంకా మిగిలే ఉంది. అత్తింటివాళ్ళ పుస్తె కొత్తదే, కానీ దీని పక్కన కాస్త వెలవెలబోయింది. మరి చింతపండులో అన్ని రోజులు నానింది కదా, అంత మెరుపు! బాజాలు మోగాయి, అక్షింతలు పడ్డాయి, మూడు ముళ్ళూ పడ్డాయి.

భోజనాల్లో ఆ పులుసుకి ఎంత గిరాకీ అంటే, గిన్నెలు తిరగేసి మరీ పోసుకున్నారు. దొంగ కూడా రెండుసార్లు అడిగి పోయించుకున్నాడు. వాడు చెయ్యి కడుక్కున్నాక సింహాచలం వాణ్ణి ఠాణాకి తీసుకెళ్ళి అప్పజెప్పాడు. అన్నం పెట్టినంత మాత్రాన వదిలేస్తారా ఏమిటి?

అప్పగింతలప్పుడు పైడితల్లి వంగి పెద్దమ్మ కాళ్ళకి దండం పెట్టింది. నూకరత్నం ఆ పిల్లని లేపి చెవిలో చెప్పింది.

"తప్పయింది తల్లీ. ఇంకెప్పుడూ ఇలా చెయ్యను. ఏది ఎక్కడ దాచినా మనదనే మనిషికి ఒక్కరికైనా చెప్పి దాస్తాను. నీకు చెప్పే దాస్తాను."

పైడితల్లి పుస్తె రెండు వేళ్ళతో పట్టుకుని కళ్ళకద్దుకుంది.

"దీన్ని ఇంక దాచక్కర్లేదు పెద్దమ్మా. చేరాల్సిన చోటికి చేరిపోయింది" అంది.

పుస్తె చేరె మెడలోకి,
పులుసు చేరె విస్తట్లోకి,
దొంగ చేరె ఠాణాలోకి,
కథ చేరె కంచిలోకి,
ఇక నువ్వు నా ఒళ్ళోకి,
మనమిద్దరం నిద్దట్లోకి!